హెడ్లీ కోటు తొడుక్కున్న వేషగాడు

టీవీలో క్రిస్మస్ సినిమా వేస్తే, మొదటి పాట అయ్యేలోపే సెలీనా స్నూక్ కథంతా చెప్పేస్తుంది. "ఈ పిల్ల పట్నం ఉద్యోగం మానేసి ఆ రొట్టెల కొట్టువాణ్ణే చేసుకుంటుంది. దాని మెడలో గొలుసు చూశావా? అది వాళ్ళమ్మమ్మది. ఆ గడ్డం ముసలాయన దీని సొంత తాత, చూస్తూ ఉండు," అంటుంది. అన్నట్టే అవుతుంది. ఇక పక్కన కూర్చున్నవాళ్ళకి సినిమాలో ఏం మిగులుతుంది? అందుకే మా ఊరు టిల్లీస్ కోవ్‌లో ఆమెతో కలిసి సినిమా చూసే ధైర్యం ఎవరికీ లేదు, నాకు తప్ప. చివరికి అంతా బాగుంటుందని ముందే తెలిస్తేనే నాకు నిద్ర పడుతుంది.

అలాంటి మనిషి వేషగాళ్ళ రోజుల్లో మాత్రం నోరు విప్పదు.

క్రిస్మస్ మర్నాటి నుంచి పన్నెండు రోజులు మా న్యూఫౌండ్‌లాండ్ దీవి ఊళ్ళలో చీకటి పడగానే వేషగాళ్ళు తలుపు కొడతారు. మగవాళ్ళు పెళ్ళాల గౌన్లు తొడుక్కుంటారు, ఆడవాళ్ళు మొగుళ్ళ ప్యాంట్లు. వీపున దిండు కట్టుకుని గూని తెచ్చుకుంటారు. ముఖం మీద కిటికీ తెర. బూట్లు కూడా ఒకరివి ఒకరు మార్చుకుంటారు. గొంతు తెలియకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. వాళ్ళెవరో ఇంటివాళ్ళు కనిపెట్టాలి. పేరు సరిగ్గా చెబితే ముసుగు తీసి తీరాలి. చెప్పలేకపోతే ముసుగుతోనే వెళ్ళిపోతారు, ఎవరో ఎప్పటికీ తెలియదు. సెలీనా కేకు కోసి పెడుతుంది, ఎర్ర షర్బత్ పోసి ఇస్తుంది, పెదవులు బిగించుకుని కూర్చుంటుంది.

"ఒక్క పేరన్నా చెప్పు సెలీనత్తా, ముసుగులో ఉడికి చచ్చిపోతున్నాం," అని కుర్రాళ్ళు బతిమాలతారు.

"నాకు తెలియదు నాయనా. తెలిసినవాళ్ళింటికి పొండి."

ఎందుకలా అంటుందో పక్కింటిదాన్ని కనక నాకు తెలుసు. మేమిద్దరం ఒకే బడిలో చదువుకున్నాం, ఒకే చేపల ఫ్యాక్టరీలో పక్కపక్కన నిలబడి కాడ్ చేపలు కోశాం. ఫ్యాక్టరీ మూతపడ్డాక నేను ఇంట్లో కూర్చుని మా ఆయన సిరిల్ మీద అరవడం పనిగా పెట్టుకున్నాను. ఆమె ఆస్పత్రి వ్యాను నడపడం నేర్చుకుంది. రోగం కంటే ఆమె డ్రైవింగే ప్రమాదమని ఊళ్ళో అంటారు కానీ, దారిలో ఇంతవరకు ఎవరూ పోలేదు.

సెలీనాకి ఇరవై ఏళ్ళప్పుడు వాళ్ళ నాన్న హెడ్లీ మామ పొగమంచులో పడవేసుకుని వెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. వాళ్ళమ్మ ట్రిఫీనత్త ఏడవలేదు, నల్లబట్టలూ కట్టలేదు. పొయ్యి దగ్గర కూర్చుని తలుపు వైపు చూస్తూ ఉండేది. ఆ ఏడాది పండక్కి వేషగాళ్ళెవరూ ఆ ఇంటి మెట్లెక్కలేదు. చావు ఇంట్లో ఎవరు గంతులేస్తారు?

అయినా ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. వేషగాళ్ళెప్పుడూ గుంపుగా వస్తారు. ఈ మనిషి ఒక్కడే వచ్చాడు. ముఖానికి లేసు తెర, ఒంటి మీద చేపల వేటకి తొడుక్కునే పసుపుపచ్చ కోటు. ఆ కోటు మోచేతి దగ్గర నీలం గుడ్డ మాసిక ఉంది. సెలీనా చిన్నప్పటి గౌను ముక్క అది, ట్రిఫీనత్త తన చేత్తో వేసిన మాసిక. హెడ్లీ మామ ఆ కోటు తొడుక్కునే సముద్రం మీదికి వెళ్ళాడని అందరం అనుకున్నాం.

ట్రిఫీనత్త లేచింది. వెళ్ళి ఆ చేతిని పట్టుకుంది. ముసుగు దగ్గరగా ముఖం పెట్టి ఏదో గుసగుసలాడింది. తర్వాత ఇద్దరూ పాటా లేకుండా, వాద్యమూ లేకుండా వంటింట్లో మెల్లగా అడుగులు వేశారు. పొయ్యి మీద కెటిల్ ఒక్కటే సన్నగా కూస్తోందట. సెలీనా నాకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా గొంతు తగ్గిస్తుంది, గట్టిగా అంటే ఆ ఇద్దరూ అడుగు తప్పుతారన్నట్టు.

అతను వెళ్ళిపోయాక ట్రిఫీనత్త కూతురితో అంది, "అతని పేరు నువ్వు చెప్పకూడదు. ఎవరూ చెప్పకూడదు. తెలిసిందా?"

ఇంకేం అర్థమవుతుంది ఎవరికైనా? నాన్నే వచ్చాడని సెలీనా అనుకుంది. ఊరు ఊరంతా అదే అనుకుంది. ఆ వారమంతా నేను వాళ్ళ గేటు ముందు నుంచి ఒంటరిగా నడవలేదు.

ఆ మనిషి ఏటా వచ్చాడు. వచ్చేవాడు, ఆమెతో నాలుగడుగులు వేసేవాడు, మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. ఇలా కొన్నేళ్ళు గడిచాక ఒక పండగనాడు సెలీనా అతని కాళ్ళ వైపు చూసింది. బూట్ల మడమ దగ్గర ఎర్ర దారంతో కుట్లు. ఆ కుట్లు ఎవరివో కోవ్‌లో అందరికీ తెలుసు, మా ఊరి కుర్రాడు లియాండర్ హైన్స్‌వి. చచ్చినవాళ్ళు లియాండర్ బూట్లు వేసుకోరు కదా! దెయ్యం కాదు, బతికున్న మనిషే అన్న సంతోషంలో ఆ పిల్లకి ఒళ్ళు తెలియలేదు. చప్పట్లు కొట్టి, "లియాండర్! నువ్వా! ఇన్నాళ్ళూ నువ్వేనా!" అని అరిచేసింది.

ముసుగు అడ్డంగా ఊగింది. కాదని. అతను మెల్లగా వెనక్కి తిరిగి కేకు కూడా తినకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం లియాండర్ ఎక్కడున్నాడో నన్నడగండి. ఊరి హాల్లో మా అందరి ముందూ, తన బూట్లు ఎవడో ఎత్తుకుపోయాడని తిట్టుకుంటూ మేజోళ్ళతో కూర్చుని అకార్డియన్ వాయిస్తున్నాడు.

మరుసటి ఏడు ఆ మనిషి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ట్రిఫీనత్త కూతుర్ని ఒక్క మాట అనలేదు. పండగ రోజుల్లో బల్ల మీద మూడో కప్పు పెట్టేది, పొద్దున్నే దాన్ని కడిగి బోర్లించేది. పోయేదాకా అలాగే పెట్టింది. తిట్టినా బాగుండేది.

"మా నాన్నని నేనే గెంటేశాను డుల్సీ," అంది సెలీనా నాతో, వాళ్ళమ్మని మట్టి చేసిన రోజున. "నోరు మూసుకుని ఉంటే వచ్చి పోతుండేవాడు. కనీసం మా అమ్మ కోసమన్నా."

నేను ఏవో ఓదార్పు మాటలు చెప్పాను. దెయ్యాలు లేవన్నాను. ఆ మాట నేనే నమ్మనప్పుడు ఆమె ఎలా నమ్ముతుంది? మా ఇద్దరి జుట్టూ నెరిసినా ఆ బరువు ఆమె గుండెల మీద అలాగే ఉంది. పెళ్ళి చేసుకోలేదు. లియాండర్ మీద ఆమెకి ఎన్నడూ మనసు లేదు. అతను కార్నర్ బ్రూక్ పట్నం వెళ్ళి, అక్కడి పిల్లని చేసుకుని, పీపాలా తయారయ్యాడు.

ఆమె మంచీ చెడ్డా చూసిన మనిషంటూ ఉంటే ఎల్కానా పైక్ ఒక్కడే. రేవుకి అవతలి గట్టు మీద ఒంటరిగా ఉంటాడు. కుర్రతనంలో హెడ్లీ మామ దగ్గర వలలు లాగేవాడు. ఏటా చలికాలం ముందు వచ్చి సెలీనా పొయ్యి గొట్టం దులిపి, కట్టెలు పేర్చి, ఆమె ఇచ్చిన రొట్టె చంకన పెట్టుకుని పోతాడు. మాటలు కొట్లో కొనుక్కోవాలన్నంత పొదుపు. అటు కిందటి శీతాకాలం ఆ ఇనప పొయ్యికి కొత్త తలుపు బిగించాడు. అది వంకరగా కూర్చుంది. మోకాలితో కింద నుంచి పైకెత్తి నెడితేనే గడియ పడుతుంది. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా చెయ్యి కాలడమే గానీ అది పడలేదు.

ఇక సినిమావాళ్ళ సంగతి.

కిందటి ఆగస్టులో వాళ్ళు లారీల మీద మంచు తెచ్చుకుని మా ఊరికి దిగారు. కాగితపు మంచు, నురగ మంచు, దూది దుప్పట్ల మంచు. రెండు రోజుల్లో ఊరు తెల్లబడిపోయింది. గట్టు మీద బ్లూబెర్రీలు పండి ఉన్నాయి, ఇళ్ళ కప్పుల మీద డిసెంబరు. పొగమంచు లోపలికి వచ్చిన పొద్దుల్లో ఏది నిజం తెలుపో, ఏది వాళ్ళు చల్లిందో తెలిసేది కాదు. సముద్రపు కాకులు ఆ మంచు మీద వాలి, కాలికి చల్లగా తగలక ఎగిరిపోయేవి. నేను సంచి తీసుకుని కొట్టుకి బయల్దేరి, ఎండలో చెమటలు కక్కుతూ, పండక్కి ఎండుద్రాక్ష కొన్నానా లేదా అని ఆలోచిస్తూ నిలబడిపోయేదాన్ని. ఊరంతా ఒకే కల కంటున్నట్టుండేది.

వాళ్ళ సినిమా కథ మీకు తెలిసిందే. పట్నం పిల్ల అమ్మమ్మ ఊరు వస్తుంది. అమ్మమ్మని ఎవరో ప్రేమించారు, ఎవరో తెలియదు. వెతుకుతూ లైట్‌హౌస్ కుర్రాడి ప్రేమలో పడుతుంది. వేషగాళ్ళ గుంపులో రహస్యం బయటపడుతుంది. వంటింటి సన్నివేశానికి వాళ్ళకి సెలీనా ఇల్లు నచ్చింది. దర్శకురాలు మారెన్ అని టొరంటో పిల్ల, ఎప్పుడూ కంగారే. సెలీనానీ నన్నూ పొయ్యికి చెరో పక్కన కూర్చోబెట్టి, "మీరు అల్లుకుంటూ ఉండండి చాలు. మాట్లాడకూడదు," అంది.

"దీన్నా మాట్లాడొద్దంటున్నావ్?" అంది సెలీనా నన్ను చూపించి. "ఊపిరి ఆగి పోతుంది, పాపం నీకు చుట్టుకుంటుంది."

వేషగాళ్ళకి వాళ్ళు తెచ్చిన బట్టలు చూసి ఊరు పడీ పడీ నవ్వింది. అన్నీ ఇస్త్రీ మడతల్లో ఉన్నాయి. చివరికి మారెన్ ఓడిపోయి, ఎవరింట్లో ఉన్నవి వాళ్ళే వేసుకు రమ్మంది. కిటికీలకి నల్లగుడ్డ కట్టి పట్టపగలు చీకటి చేశారు. నిజం మంట కావాలన్నారు కాబట్టి, ఆగస్టు నెలలో పొయ్యి వెలిగించి మమ్మల్ని దాని పక్కన ఉడకబెట్టారు.

కెమెరా తిరిగింది. తలుపు చప్పుడైంది. "వేషగాళ్ళని రానిస్తారా?" అని లోపలి ఊపిరి గొంతులు. గుంపు లోపలికొచ్చింది. గౌన్లు, గూనులు, లేసు తెరలు. అందరి వెనకా ఒకడు పసుపుపచ్చ కోటులో వచ్చాడు.

సెలీనా చేతిలో సూదులు ఆగిపోయాయి. నేను ఆమె చూపు వెంట చూశాను. మోచేతి దగ్గర, వెలిసిపోయిన నీలం మాసిక. ఒంట్లో నెత్తురు చల్లబడటం అంటే ఏంటో, ఆ ఉక్కలో నాకు తెలిసింది.

అకార్డియన్ మోగింది, గుంపు గంతులేసింది. పట్నం పిల్ల నవ్వుతూ తిరిగింది. పాట అయిపోగానే మారెన్ వేలు పైకెత్తింది, అందరూ ఒకేసారి ముసుగులు తీయాలని ముందే చెప్పింది. అందరూ తీశారు. కోటు మనిషి తీయలేదు.

"మీరు కూడా సార్. ముసుగు," అంది మారెన్ గొంతు తగ్గించి.

"ఎవరూ పేరు చెప్పలేదు కదా," అన్నాడతను ఊపిరి లోపలికి పీలుస్తూ.

సెలీనా ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. ఒకసారి తప్పు పేరు చెప్పి పోగొట్టుకున్న మనిషి ఇన్నేళ్ళకి మళ్ళీ ఎదురుగా ఉన్నాడు. చెప్పకపోతే వెళ్ళిపోతాడు. తప్పు చెబితే ఇంకెప్పటికీ రాడు. ఆమె బూట్ల వైపు చూడలేదు. ఒకసారి బూట్లని నమ్మి మోసపోయింది చాలు. కళ్ళు గట్టిగా మూసుకుంది.

అప్పుడే పొయ్యి తలుపు దానంతటదే జారి తెరుచుకుని వంటింట్లోకి పొగ వచ్చింది. సినిమా కుర్రాడొకడు దూకి నెట్టాడు, పడలేదు. చెయ్యి కాల్చుకున్నాడు. కోటు మనిషి అతన్ని పక్కకి జరిపి, మోకాలు కింద ఆనించి, పైకెత్తి, నెట్టాడు. టక్కున పడింది.

సెలీనా ఆ చప్పుడికి కళ్ళు తెరిచింది. ఆ మోకాలి వైపు చూసింది.

"ఎల్కానా," అంది.

గట్టిగా అనలేదు. కానీ ఆ గదిలో ఇంకో శబ్దం లేదు. అతను రెండు చేతులతో తెర ఎత్తాడు. ముఖమంతా చెమట, కన్నీళ్ళు. కెమెరా తిరుగుతూనే ఉంది, ఆపమని మారెన్ అనలేదు.

"మా నాన్న కాదా?" అంది సెలీనా.

"కాదు పిల్లా. నేనే. ఎప్పుడూ నేనే."

"ఈ కోటు?"

"ముందురోజు సాయంత్రం వాన పడితే మీ నాన్న విప్పి నాకు తొడిగాడు. పొద్దున్నే తెచ్చివ్వమన్నాడు. నేను మొద్దు నిద్ర పోయాను. ఆయన కోటు లేకుండా వెళ్ళిపోయాడు. ఏ మొహం పెట్టుకుని తెచ్చివ్వను? వేషం వేసుకుని తెచ్చి, ఇక్కడ వదిలేసి పోదామనుకున్నాను."

"మా అమ్మని మోసం చేశావు. ఆ పిచ్చిది నిన్ను మా నాన్ననుకుని..."

"మీ అమ్మకి తెలుసు," అన్నాడు ఎల్కానా. "మొదటిరోజే నా చెవిలో చెప్పింది. ‘నువ్వని తెలుసు ఎల్కానా. కోటు నీ దగ్గరే ఉంచు, ముసుగు మాత్రం తియ్యకు. ఏడాదికోసారి ఈ కోటు ఈ ఇంట్లో తిరిగితే చాలు నాకు’ అంది."

సెలీనా లేచింది. నేను కౌగలించుకుంటుందనుకున్నాను, ఎన్ని సినిమాలు చూడలేదు మేము! ఆమె అల్లిక బుట్ట ఎత్తి అతని మీదికి విసిరింది.

"మరెందుకు మానేశావురా? మా అమ్మ కప్పు పెట్టుకుని ఎదురుచూస్తూ పోయింది! నా చేతులారా మా నాన్నని గెంటేశానని నేను ఇన్నేళ్ళూ కుమిలిపోయాను! రేవుకి అవతలే ఉన్నావు కదరా!"

ఎల్కానా ఊలు ఉండ ఒకటి ఏరి బల్ల మీద పెట్టాడు. "మీ అమ్మ రమ్మనే కబురు పెట్టింది. నేనే రాలేకపోయాను. లియాండర్ అని ఎంత సంతోషంగా పిలిచావు నువ్వు! అంత సంతోషం నాది కాదనుకున్నాను. ఆ తర్వాత ఈ గడప ముసుగుతో ఎక్కడానికి కాళ్ళు రాలేదు. ఎవరింట్లో ఉన్నవి వాళ్ళే వేసుకు రమ్మన్నారని ఇవాళ తెగించాను."

"లియాండర్‌ని చూసి కాదురా వెధవా, బతికున్న మనిషివని!" అని సెలీనా లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను అందరినీ బయటికి తరిమాను, మారెన్‌తో సహా. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది.

మంచు కడిగేసి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ ఆకురాలు కాలంలో మొదటిసారి సెలీనా పొయ్యి గొట్టం ఎవరూ దులపలేదు. ఎల్కానా రెండుసార్లు గేటు దాకా వచ్చి తిరిగి వెళ్ళడం నా కిటికీలోంచి చూశాను. "నీకేం పట్టింది, పిలవవే," అన్నాను. "మీ అమ్మకి ఆ మనిషి అపకారం చేసుంటే నేనూ తిట్టేదాన్ని. చేసింది ఉపకారం." సెలీనా రొట్టె పిండి పిసుకుతూనే ఉంది. కోపం ఎంతో సిగ్గు ఎంతో, నాకు తెలియలేదు, ఆమెకీ తెలియదనుకుంటాను.

సినిమా డిసెంబరులో వచ్చింది. హాల్లో ఊరంతా కూర్చుని చూశాం. మా సన్నివేశం మొత్తం కోసేశారు. నేను అసలు లేను, అంత ఉక్కలో కూర్చున్నందుకు. ఒకే ఒక్క చోట, పొయ్యి తలుపుని ఎత్తి మూసే మోకాలు, దాని మీద పసుపుపచ్చ కోటు అంచు కనిపించాయి. అంతే. నా పక్కన సెలీనా కథ ముందుగా చెప్పలేదు. మొదటిసారి సినిమాని నోరు మూసుకుని చూసింది, ఆ మోకాలి దగ్గర మాత్రం నా చెయ్యి నొక్కింది.

క్రిస్మస్ మర్నాడు సాయంత్రం నేను ఆమె వంటింట్లోనే ఉన్నాను. బయట నిజం మంచు పడుతోంది, చప్పుడు లేకుండా. తలుపు కొట్టారు. ఒక్కడే. లేసు తెర, పసుపుపచ్చ కోటు. కాళ్ళకి ఉన్నవి మా సిరిల్ బూట్లు, ఇంట్లో ఆయన మేజోళ్ళతో తిట్టుకుంటూ ఉంటాడని నాకు అప్పుడే అర్థమైంది.

సెలీనా లేచి అతని చుట్టూ ఒకసారి తిరిగింది. పెదవులు బిగించుకోలేదు.

"ఎవరబ్బా ఇది? చర్చి ఫాదరా?" అంది. ముసుగు అడ్డంగా ఊగింది.

"డుల్సీ మొగుడా? కాదు, అంత పొట్ట లేదు. కార్నర్ బ్రూక్ నుంచి లియాండర్ వచ్చాడేమో!"

తెర వెనక నుంచి నవ్వు వినిపించింది. ఎల్కానా పైక్ నవ్వడం నేను విన్నది అదే మొదలు.

"ఎవరో నాకు అంతుపట్టడం లేదు," అంది సెలీనా.

"పేరు చెప్పలేకపోతే నేను వెళ్ళిపోవాలి కదా," అన్నాడు లోపలి ఊపిరితో.

"ఎవరన్నారు? మా ఇంట్లో పద్ధతి వేరు. నాకు తెలిసేదాకా నువ్వు కదలడానికి లేదు. ఆ కోటు అక్కడ తగిలించు."

తలుపు పక్కన హెడ్లీ మామ మేకు ఖాళీగానే ఉంది. అతను కోటు విప్పి దానికి తగిలించాడు. ముసుగు తీయలేదు. సెలీనా గూట్లోంచి వాళ్ళమ్మ మూడో కప్పు తీసి తుడుస్తోంది. మా సిరిల్‌కి బూట్లు లేవు, చూడాలి అని చెప్పి నేను శాలువా కప్పుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఈస్టర్ కూడా దాటింది. అన్ని సినిమాల కథలు ముందే చెప్పిన మనిషికి ఆ ఒక్క పేరు ఇంకా తెలియలేదట. ఆయనా ఇంకా ఇంటికి వెళ్ళలేదు.